అంబాసిడర్, పద్మిని, నా కుడికాలు

మార్చి 3, ఆదివారం

ఈరోజు పద్మినికి బ్రేకు పడలేదు.

రాసుకుంటే ఇంతే, ఒక్క ముక్క. ఇంటికి వచ్చి అమ్మకు గానీ తమ్ముడికి గానీ ఈ ముక్క చెప్పలేకపోయాను.

పెళ్లి కుదిరిన ఒక జంటను ఫొటోల కోసం గుత్తి కోటకు తీసుకుపోతున్నాను. పాత కారు పక్కన నిలబడి ఫొటోలు దిగడం ఇప్పుడు అందరికీ ముచ్చట. ఆ ముచ్చట పుణ్యమా అని నాయన టాక్సీకి తిప్పిన రెండు కార్లూ మళ్లీ రోడ్డెక్కాయి. అంబాసిడర్ తమ్ముడు ప్రతాప్ నడుపుతాడు. ప్రీమియర్ పద్మిని నాది. పెళ్లిళ్లకు బండ్లు పంపే ఇంట్లో పెళ్లి చేసుకోనిదాన్ని నేనొక్కదాన్నే అని ప్రతాప్ ఎగతాళి చేస్తుంటాడు.

గార్లదిన్నె దగ్గర సర్వీసు రోడ్డు మీద ఒక పెద్దాయన సైకిలుకు చెరోవైపు నీళ్ల బిందె కట్టి తోసుకుంటూ వస్తున్నాడు. దూరం నుంచే చూశాను. దగ్గరికి రాగానే తొక్కాను. బండి ఆగలేదు. ఆగకపోగా ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచింది. స్టీరింగ్ పక్కకు కోశాను. అద్దం ఆయన బిందెకు తగిలి నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. మనిషికి ఏమీ కాలేదు.

"ఏమ్మా, కండ్లు కనపళ్లేదా?"

"బ్రేకు పడలేదు పెద్దాయనా."

"బ్రేకు పడని బండి రోడ్డు మీదికెందుకు తెచ్చినావు? సంపుతావా మనుషుల్ని?"

వెనక సీట్లో ఆ అమ్మాయి అబ్బాయి చెయ్యి పట్టుకుని బిగుసుకుపోయింది. మళ్లీ బయలుదేరి నెమ్మదిగా గుత్తికి పోయాం, వచ్చాం. దారి పొడుగునా బ్రేకు బాగానే పడింది. బ్రేకు నూనె గొట్టంలో గాలి చేరి ఉంటుంది. ఒక్కోసారి చేరుతుంది.

మార్చి 4

మెకానిక్ జయరాముడు బండి కిందికి దూరి చూసి వచ్చాడు. "బ్రేకు మేలుగుండాది గౌతమక్కా. నూనె కారలే, గాలీ లేదు."

"బ్రేకు మాస్టర్ సిలిండర్ మార్చు."

"బాగుండేదాన్ని ఎందుకు మార్సల్ల?"

"మార్చమంటున్నా కదా."

మార్చాడు. ఇక భయం లేదు.

మార్చి 8

బ్రేకు బాగుంది.

మార్చి 12

షెడ్డు నుంచి ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను. అమ్మ నా కాళ్ల వైపు చూసి, "ఇంకో చెప్పు యాడ?" అంది.

కుడికాలికి చెప్పు లేదు. కారు దగ్గరే జారిపోయినట్టుంది. వాకిట్లో కంకర మీద ఒక చెప్పుతో నడిచి వచ్చాను, తెలియలేదు. పరధ్యానం. నవ్వేశాను. అమ్మ నవ్వలేదు.

"మీ నాయనకూ ఇట్లనే మొదలాయ."

"కొత్త చెప్పులమ్మా. వదులు."

"రగతం సూపిచ్చుకో గౌతమీ. ఒక్కతూరి."

"చూపిస్తాలే."

నాయనది వేరే సంగతి. రోజంతా టాక్సీలో కూర్చునేవాడు, స్టాండు దగ్గర మిఠాయి తినేవాడు, మాత్రలు వేసుకునేవాడు కాదు. చక్కెర జబ్బుకు ముందు వేలు పోయింది, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా, తర్వాత నాయనే పోయాడు. నేను టీలో కూడా చక్కెర వేసుకోను. ఇన్నిసార్లు దాహం వేస్తోందంటే ఎండలు అట్లా ఉన్నాయి. అనంతపురంలో మార్చిలో దాహం వేయనిది ఎవరికి?

మార్చి 18

అంజలి అనే అమ్మాయి వచ్చింది. పాత వాహనాల మీద వీడియోలు చేసి యూట్యూబులో పెడుతుందట. మా రెండు కార్లనూ పోల్చి ఒక వీడియో చేస్తానంది. ఒకే ఇంట్లో ఒకే యజమాని తిప్పిన అంబాసిడర్, పద్మిని తనకు ఎక్కడా దొరకలేదట.

ప్రతాప్ ఛాతీ విరుచుకున్నాడు. "పోల్చేదానికి ఏముండాది? అంబాసిడర్ది పద్నాలుగు వందల ఎనభైతొమ్మిది సీసీ ఇంజను. పద్మినిది వెయ్యిన్నీ ఎనభైతొమ్మిది. నాలుగు వందల సీసీ తేడా. ఏనుగుకూ మేకకూ పోటీనా?"

"ఏనుగు బరువు కూడా చెప్పరా," అన్నాను. "పద్మిని తేలిక. చిన్న ఇంజనైనా మొదటి ఊపు దానిదే. అదే పెట్రోలుకు నీకంటే ఒక ఊరు ఎక్కువ పోతుంది. సందులో తిప్పాలంటే నువ్వు ముందుకూ వెనక్కూ రెండుసార్లు పోవాల, నేను ఒక్క తిప్పుకు తిప్పేస్తా."

"గుంతలో పడితే తెలుస్తాది. నా బండిలో ఐదుమంది వెనక కూర్చున్నా కింద స్ప్రింగు కమాన్లు కిమ్మనవు. నీ దాంట్లో ముగ్గురు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి."

అంజలి నవ్వుతూ అంతా ఫోన్లోకి ఎక్కించుకుంటోంది. నాకూ ఉత్సాహం వచ్చింది. చాలా రోజుల తర్వాత అంత మాట్లాడాను. రెండింటికీ గేరు కర్ర స్టీరింగ్ కిందే ఉంటుందనీ, ముందు సీటు బెంచీలాగా ఒకటేననీ, అంబాసిడర్ గేరు మొండిదనీ, పద్మిని గేరు వెన్నలాంటిదనీ చెప్పాను.

"మరి బ్రేకులు?" అంది అంజలి.

"రెండింటికీ నాలుగు చక్రాలకూ డ్రమ్ములే," అన్నాడు ప్రతాప్. "ఇప్పటి బండ్ల మాదిరి సాయంపట్టే మిషను ఏమీ లేదు. ఎంత తొక్కితే అంతే. కాలి బలమే బలం."

"అయితే బ్రేకు పరీక్ష కూడా పెడదాం. రోడ్డు మీద సున్నంతో గీత గీసి, గీత దగ్గర తొక్కి, ఏది ముందు ఆగుతుందో చూద్దాం. మేడం, మీ పక్క సీట్లో నేనే కూర్చుంటా."

సరేనన్నాను. ఎందుకన్నాను?

మార్చి 24

శింగనమల పెళ్లికి ప్రతాప్‌ను పద్మిని తీసుకుపొమ్మని, నేను అంబాసిడర్ తీసుకున్నాను. పద్మిని బ్రేకు మీద నాకింకా అనుమానం పోలేదు. వాడు నడిపితే దాని తప్పు వాడికే తెలుస్తుంది కదా అని.

నా బండిలో పెళ్లికూతురు, వాళ్ల మేనత్త. చెరువు కట్ట దిగే మలుపులో ఎదురుగా బస్సు. తొక్కాను. కాలు కింద ఏమీ లేదు. పెడల్ లేదు. మళ్లీ తొక్కాను, ఇంకోసారి, అప్పుడు దొరికింది. బస్సు డ్రైవరు పక్కకు కోసుకుని తిట్టుకుంటూ పోయాడు. మేనత్త, "ఏమ్మా, నిద్రపోతాండావా?" అని నా భుజం పట్టి కుదిపింది. పెళ్లికూతురు పూలదండ ఒళ్లో పెట్టుకుని ఏడుపు ఆపుకుంటోంది.

సాయంత్రం ప్రతాప్‌ను అడిగాను. "పద్మిని బ్రేకు ఎట్లుంది?"

"బ్రమ్మాండంగా ఉండాది. అట్లా తొక్కితే ఇట్లా నిలబడతాంది. జయరాముడు మంచి పని చేసినాడు."

రెండు బండ్లకూ ఒకే జబ్బు ఎట్లా వస్తుంది? రెండూ పాతవే. రెండింటికీ మెకానిక్ ఒకడే. రావచ్చు.

మార్చి 25

రాదు.

ఏప్రిల్ 2

వీడియో మొదలైంది. పొద్దున రెండు బండ్లనూ గుత్తి కోట కిందికి తీసుకుపోయాం. కోట ఎక్కే దారిలో చిన్న దేవుని గుడి ఉంటే దండం పెట్టుకుందామని అందరం చెప్పులు వదిలాం. తిరిగి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. బండ మీద కాలు పెడితే చాలు, ప్రతాప్, అంజలి, కెమెరా పట్టే నాగేశ్వర ముగ్గురూ ఎగురుకుంటూ నీడకు పరుగెత్తారు. నేను ఆ బండ మీదే నిలబడి కింద కనిపించే కార్లను చూస్తున్నాను. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు పద్మిని ఎంత చక్కగా ఉందో అనుకుంటున్నాను.

"అక్కా, కాళ్లు కాల్తాండ్లేదా నీకు?" అని అరిచాడు ప్రతాప్.

వెంటనే నేను కూడా ఎగిరాను. వాళ్లను చూసి, వాళ్ల మాదిరే ఎగిరాను.

ఇంటికి వచ్చి తలుపు గడియ వేసుకుని చూసుకున్నాను. కుడికాలి బొటనవేలి కింద ఇంత బొబ్బ. నొక్కి చూశాను. నొప్పి లేదు. నొప్పి లేదని ముందు సంతోషపడ్డాను.

ఏప్రిల్ 3

పసుపు పెట్టి మేజోడు వేసుకున్నాను. అమ్మ అడిగితే షూటింగుకు బూట్లు వేసుకోవాలన్నారని చెప్పాను.

ఏప్రిల్ 6

ప్రతాప్ బజారుకు పోయినప్పుడు షెడ్డులోకి పోయి పద్మినిలో కూర్చున్నాను. ఇంజను ఆపే ఉంచి, కళ్లు మూసుకుని, కాలు బ్రేకు మీద పెట్టాను. గట్టిగా తొక్కాను. కళ్లు తెరిచి చూశాను. కాలు యాక్సిలరేటర్ మీద ఉంది.

మళ్లీ చేశాను. ఈసారి బ్రేకు మీదే ఉంది. ప్రాణం లేచి వచ్చింది. ఇంకోసారి చేశాను. రెండింటి మధ్య, రేకు మీద ఉంది.

అంబాసిడర్‌లో కూర్చుని చూశాను. అదే.

చూస్తే కాలు ఎక్కడుందో తెలుస్తుంది. చూడకపోతే తెలియదు. అంతే కదా, చూసి తొక్కితే సరిపోతుంది. జాగ్రత్తగా ఉండాలి. అలవాటు చేసుకోవాలి.

అమ్మకు చెప్పవచ్చు. చెబితే అమ్మ నా కాలు వైపు చూస్తుంది, కానీ అక్కడ నాయన కాలే కనపడుతుంది ఆమెకు. ఆ వాసన, ఆ గుడ్డలు, ఆసుపత్రి వరండాలో పడుకోవడం, అన్నీ మళ్లీ. పద్మిని తాళం నా చేతిలోంచి తీసుకుంటారు. అది తీసుకుంటే నేనేం చేయాలి? మంచంలో కూర్చుని వాళ్లు తెచ్చిపెట్టింది తినాలి, నాయన మాదిరి.

వీడియో అయిపోనీ. అయ్యాక చూపించుకుంటాను.

ఏప్రిల్ 10

బొబ్బ పగిలింది. మేజోడు తడిసింది.

ఏప్రిల్ 11

గదిలో వాసన వస్తోంది. ఊదుబత్తి వెలిగించాను. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి, ఏమీ అనకుండా పోయింది. ఆమెకు ఆ వాసన తెలుసు.

ఏప్రిల్ 14

ఇది ఈరోజే రాయాలి.

హైవే వేసినప్పుడు పక్కకు వదిలేసిన పాత రోడ్డు ముక్క ఒకటి ఉంది, గార్లదిన్నెకు ఇవతల. బండ్లు రావు. రెండువైపులా దున్ని పెట్టిన ఎర్రచేలు. వాన పడితే శనక్కాయ విత్తనం వేస్తారు. నాగేశ్వర రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత గీశాడు. గీతకు అవతల, రోడ్డు అంచున కెమెరా పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ముందు ప్రతాప్. అంబాసిడర్ అరవై మీద వచ్చింది. గీత దగ్గర తొక్కాడు. బరువైన బండి కదా, చక్రాలు కీచుమని అరుస్తూ గీత దాటి చాలా దూరం పోయి నాగేశ్వర పక్కన ఆగింది. ప్రతాప్ కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, ఇంక నీ మేకను తోలుకురా!" అని అరిచి, బండి పక్కకు తీశాడు.

అంజలి నా పక్కన కూర్చుంది. ఫోన్ నా ముఖం వైపు తిప్పి, "రెడీనా మేడం?" అంది.

"వద్దు" అనాలనుకున్నాను. తల ఊపాను.

పద్మిని ఎప్పటి మాదిరే హాయిగా పరుగెత్తింది. నేను కాలు వైపు చూశాను. యాక్సిలరేటర్ మీద ఉంది, సరే. తలెత్తాను. గీత దగ్గరికి వచ్చేసింది. మళ్లీ కిందికి చూసే వ్యవధి లేదు. తొక్కాను. ఇంజను అరిచింది. గార్లదిన్నెలో విన్న అరుపే. "మేడం! మేడం!" అని అంజలి కేకలు పెడుతోంది. నాగేశ్వర లేచి నిలబడ్డాడు. పరుగెత్తలేదు, కెమెరాను గుండెకు హత్తుకుని అట్లనే నిలబడిపోయాడు. అతని కళ్లు నాకు కనిపించాయి.

కాలిని నమ్మలేదు. స్టీరింగ్ ఎడమకు కోశాను, తాళం తిప్పి ఇంజను ఆపేశాను, హ్యాండ్ బ్రేకు లాగాను. చేతులతోనే అన్నీ. పద్మిని రోడ్డు దిగి దుక్కిలో దూకింది. ఎర్రమట్టి లేచి అద్దం కనపడలేదు. కుదుపులు, కుదుపులు, తర్వాత నిశ్శబ్దం.

అంజలి నుదురు డాష్‌బోర్డుకు తగిలి చిట్లింది. "నాకేం కాలేదు, నాకేం కాలేదు," అని అంటూనే ఉంది.

ప్రతాప్ దుక్కిలో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడు. "అక్కా! బ్రేకు పోయిందా? నాకు తెలుసు, ఆ జయరాముడు సరిగ్గా బిగించలే. వాణ్ని ఈరోజు..." అంటూ ఫోన్ తీశాడు.

నాగేశ్వర కెమెరా మీది మట్టి దులుపుతూ, "పాత బండ్లు ఇంతే అన్నా. నమ్మేదానికి లేదు," అన్నాడు.

"బండి తప్పే. మేడం ఏం చేస్తారు పాపం," అంది అంజలి, నుదుటి మీద రక్తం తుడుచుకుంటూ.

అందరూ కలిసి నాకు దారి చూపిస్తున్నారు. నేను తల ఊపితే చాలు. ఊపబోయాను కూడా. ప్రతాప్ ఫోన్లో అవతల జయరాముడు "చెప్పన్నా" అన్న మాట వినిపించింది.

"ఫోన్ పెట్టెయ్‌రా. బ్రేకు పోలేదు."

"మరి?"

"నా కాలు పోయింది."

వాడికి అర్థం కాలేదు. బూటు విప్పి, మేజోడు లాగాను. అది పుండుకు అంటుకుని వచ్చింది. ప్రతాప్ చూశాడు. చూసి దుక్కిలోనే కూలబడ్డాడు. నాయనను ఆసుపత్రికి మోసిన చేతులు వాడివి.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మొన్నటి నుంచే."

"అబద్ధాలు చెప్పొద్దు. సైకిలాయన్ను గుద్దబోయిందీ ఇందుకేనా? ఆ జంట చెప్పినారు నాకు, నువ్వు చెప్పకపోయినా."

మేజోడును బూటులోకి కుక్కాను.

"శింగనమలకు పెళ్లికూతుర్ని తోలుకపోయినావు కదక్కా. తెలిసీ తోలుకపోయినావా?"

తెలియదని చెప్పాలి. కానీ నాకు తెలుసా, తెలియదా?

ఏప్రిల్ 15

ఆసుపత్రిలో చేర్చారు. వేలికి గుచ్చి రక్తం చూసిన నర్సు మిషను తప్పనుకుని ఇంకో వేలికి గుచ్చింది. అదే అంకె వచ్చింది. చక్కెర జబ్బు చాలా ఏళ్లుగా ఉండి ఉంటుందన్నారు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, అంజలి వయసే ఉంటుంది. "కళ్లు మూసుకోండమ్మా. పాదం మీద సన్న దారంతో తాకుతాను. తగిలినప్పుడల్లా చెప్పండి," అంది.

మూసుకున్నాను. కాస్త ఆగి, "ఆ," అన్నాను. ఇంకాస్త ఆగి, "ఆ, తగిలింది," అన్నాను. బొటనవేలి దగ్గర తగిలిందని కూడా చెప్పాను.

"అమ్మా," అంది ఆ పిల్ల మెల్లగా, "నేనింకా మొదలుపెట్టలేదు."

కళ్లు తెరిచాను. దారం ఆమె చేతిలో పొట్లంలోనే ఉంది. గుమ్మం దగ్గర అమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది.

ఏప్రిల్ 17

చీము ఎముక దాకా పోయిందట. రేపు ఆపరేషన్. "రెండు వేళ్లు తీస్తే సరిపోవచ్చు. లోపల చూస్తే గానీ ఎంతవరకు తీయాలో చెప్పలేం," అన్నారు. ప్రతాప్ సంతకం పెట్టాడు. పెట్టేటప్పుడు నా వైపు చూడలేదు.

సాయంత్రం అంజలి వచ్చింది, నుదుటికి పట్టీతో. ఆమెను చూడలేక ముఖం తిప్పుకున్నాను. ఆమే వచ్చి మంచం మీద కూర్చుంది. దుక్కిలో దూకిన ముక్క వీడియోలో పెట్టనంది.

"నీ ఇష్టం. కానీ పద్మిని బ్రేకుకు ఏమీ కాలేదని మాత్రం చెప్పు. దాని మీద నింద వేయొద్దు," అన్నాను.

"ఆ సంగతి చెప్పాలనే వచ్చినా మేడం. పద్మినిని దుక్కిలోంచి లాగి, మళ్లీ అదే రోడ్డు మీద ప్రతాపన్న నడిపినాడు. గీత దాటి ఆరు బండ్ల పొడుగు కూడా పోలేదు. అంబాసిడర్ కంటే ఎంతో ముందే ఆగింది."

గుమ్మంలో నిలబడిన ప్రతాప్ మొన్నటి తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. "గెలిచింది నీదేలే. మేకనే గెలిచింది."

నవ్వాను. రేపు గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

ఏప్రిల్ 19

నిన్న ఆపరేషన్ అయింది. ఈరోజు మత్తు పూర్తిగా దిగుతూనే కాలు నొప్పి తెలిసింది. కుడి పాదం మండిపోతోంది. ఎంత సంతోషం వేసిందో! ఇన్నాళ్లకు నొప్పి. పాదం లేకపోతే నొప్పి ఎట్లా పుడుతుంది?

అప్పుడు నాయన గుర్తొచ్చాడు. మోకాలి దాకా తీసేశాక కూడా, "పాదం గుంజుతాంది, పిసకవే," అని అమ్మను పిలిచేవాడు. అమ్మ వచ్చి, దుప్పటి కింద ఏమీ లేని చోట, పరుపును పిసికేది. ఆయన నెమ్మదిగా నిద్రపోయేవాడు.

దుప్పటి తీసి చూస్తే తెలిసిపోతుంది. చెయ్యి చాపాను, వెనక్కి తీసుకున్నాను. మళ్లీ చాపాను. కిటికీలోంచి ఎండ పడుతోంది, పక్క మంచం ఆవిడ ఏదో తింటోంది, నర్సులు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఎవరినైనా అడగవచ్చు. అడగలేకపోయాను.

అమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ముఖం చూశాను. ఏడ్చిన ముఖమే. కానీ అది ఈరోజు ఏడుపో నిన్నటిదో తెలియలేదు.

"అమ్మా, పాదం గుంజుతోంది. పిసుకు."

అమ్మ నా వైపు ఒక్క క్షణం చూసింది. నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను. దుప్పటి కదిలిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"పట్టుకున్నా," అంది అమ్మ. "తెలుస్తాందా?"

తెలుస్తోందనే నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"లేదమ్మా. ఏమీ తెలియలేదు."

"అయితే కండ్లు తెరిసి సూడు."

"నువ్వే చెప్పు."

"నేను సెప్పను. నువ్వే సూడల్ల."

తెరిచాను. అమ్మ రెండు చేతుల మధ్య తెల్లటి కట్టు. కట్టు చివర రెండు వేళ్లున్న చోట ఖాళీ. మిగిలిన మూడు వేళ్లు వాచి, నల్లబడి, బయటికి కనిపిస్తున్నాయి. మడమ అమ్మ అరచేతిలో ఉంది.

"పొద్దునా సాయంత్రం ఇట్లనే సూసుకోవల్ల, బతికినన్నాళ్లు," అంది అమ్మ. "సూస్తావా?"

భయంగానే ఉంది. చూస్తానన్నాను.